కిరీటం ఎక్కి చూసిన కారు

మొన్న ఆదివారం మా మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు, ఫోను పట్టుకుని నా మంచం అంచున కూర్చుని కార్ల బొమ్మలు చూపించడం మొదలుపెట్టింది. నడుం నొప్పుల వాళ్ళకూ మోకాళ్ళ నొప్పుల వాళ్ళకూ వ్యాయామాలు చేయించడం ఆ పిల్ల ఉద్యోగం. తెనాలిలో మా దగ్గరే ఉంటూ వారంలో సగం బాపట్ల, సగం రేపల్లె తిరుగుతుంది. మడత బల్లా, బంతులూ, చాపలూ పడేసుకోవడానికి వెనక చోటుండి, చురుగ్గా పోయే పెట్రోలు కారు, అదీ సెకండ్‌హ్యాండులో తన జీతానికి అందేది కావాలట. వెనక తలుపు పైకి లేచే పొడుగు కారొకటి చూపించి, "దీని డిక్కీ ఎన్ని లీటర్లో చూడు నానీ" అంది. పాలూ కిరసనాయిలూ లీటర్లలో కొలిచిన దాన్ని గానీ కార్లో సామాను కూడా లీటర్లలో కొలుస్తారని నాకేం తెలుసు! నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటుంటే మా నాన్న కారు కొన్న ఏడాది మనసులో మెదిలింది.

నా ఈడు వాళ్ళకు తెనాలిలో నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే షాపులు గుర్తుండే ఉంటాయి. అలాంటి షాపే మాది. మా నాన్నను మేం అబ్బాజాన్ అనేవాళ్ళం. ఆయన వెల్వెట్ మీద జరీ కుడితే, అమ్మీ పూసలు గుచ్చేది, నేను కిరీటాలకు అద్దం ముక్కలు అంటించేదాన్ని. ఐదుపూటలా నమాజు చేసే మనిషి కృష్ణుడి కిరీటాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటుంటే ఆ రోజుల్లో ఎవరికీ వింతగా తోచేది కాదు. బట్టల పెట్టెలు బస్సు మీద వేసినా, లారీలో వేసినా, కిరీటం మాత్రం ఆయన ఎవరి చేతా పంపేవారు కాదు. స్వయంగా ఒళ్ళో పెట్టుకుని వెళ్ళి, మెత్తటి గుడ్డతో ఒకసారి తుడిచి, వేషగాడి రెండు చేతుల్లో పెట్టి వచ్చేవారు. అది మా షాపు ఆనవాయితీ.

ఆ ఆనవాయితీయే మా కొంప మీదికి తెచ్చింది. శివరాత్రికి రేపల్లెలోనూ బాపట్లలోనూ ఒకే రాత్రి నాటకాలు. ముందు రేపల్లెలో ఇచ్చి బస్సులు మారి బాపట్ల చేరేసరికి అక్కడ దీపాలు పెట్టేసి, జనం ఈలలు వేస్తూ ఉండేవారు. ఒక ఏడాదైతే బస్సు మీద చోటు లేదన్నారని, నిజాంపట్నానికి ఖాళీగా తిరిగిపోతున్న చేపల లారీలో రేపల్లె పెట్టెలు వేయించారు. ఖాళీ లారీయే గదా అనుకున్నారు పాపం. రాత్రి కృష్ణుడు పట్టు పీతాంబరంతో వేదిక ఎక్కగానే ముందు వరసలో పెద్దలంతా ముక్కులకు కండువాలు అడ్డం పెట్టుకున్నారట. వచ్చే శివరాత్రికి ఇలాగే జరిగితే వేరే షాపు చూసుకుంటామని రేపల్లె వాళ్ళు చెప్పేశారు. పొద్దు కుంకే లోపు రాకపోతే మీ సామాను మాకొద్దని బాపట్ల వాళ్ళూ అన్నారు. మాకు ఏడాది బతుకంతా ఆ రెండు ఊళ్ళే. అవి పోతే షాపు మూసి, మా మేనమామ పనిచేసే పొన్నూరు రైసు మిల్లులో కాపలాకు చేరడం తప్ప అబ్బాజాన్‌కు దారి లేదు. ఆ మాట ఆయన పైకి అనలేదు గానీ, ఆ నెలంతా జరీ కుడుతూ మధ్యలో సూది ఆపి గోడవంక చూస్తూ ఉండిపోయేవారు.

కారు కొందామన్నది అమ్మీ. వంటింటి కప్పు మార్చడానికని కట్టుకున్న చీటీ పాడి ఆ డబ్బు ఆయన చేతిలో పెట్టింది. ఆ డబ్బుకు ఏ పాత డీజిల్ జీపో వస్తుంది, ఖర్చూ తక్కువ అన్నాడు మామయ్య. అబ్బాజాన్ ససేమిరా అన్నారు. డీజిలు బండి కుదుపుకు కిరీటం మీద అద్దాలు రాలతాయి, ఆ వాసన వెల్వెట్‌కు పడితే వదలదు. "పెట్రోలు వాసన పెళ్ళికొచ్చిన చుట్టం లాంటిదయ్యా, పొద్దున్నే వెళ్ళిపోద్ది. డీజిలు వాసన ఇల్లరికపు అల్లుడు, ఇక కదలదు" అన్నారు. చేపల లారీ దెబ్బ తిన్నాక వాసన పేరెత్తితే చాలు, ఆయనకు పూనకం వచ్చేది.

అందరూ కారు చూడ్డానికి డబ్బూ మెకానిక్కునూ తీసుకెళ్తే, ఆయన వాటితోపాటు భీముడి గదనూ కృష్ణుడి కిరీటాన్నీ కూడా తీసుకెళ్ళేవారు. కిరీటం పట్టుకోవడానికి తోడు నేను. తెనాలిలోనే ఒక కారు చూశాం. గద తలకాయ డిక్కీలో పట్టింది గానీ పిడి బయటికి వచ్చేసింది. రేపల్లెలో ఒక వ్యాను చూశాం. గద ఎంచక్కా పట్టింది, కానీ అబ్బాజాన్ లోపల తల పెట్టి గట్టిగా గాలి పీల్చి బయటికి వచ్చేశారు. అందులో ఎండు రొయ్యలు మోసేవారట. వాసనేం లేదండి అని యజమాని ఎంతో మర్యాదగా చెప్పాడు. రోజూ అందులోనే తిరిగే వాడికి ఏం తెలుస్తుంది!

చివరికి బాపట్లలో వ్యవసాయం పాఠాలు చెప్పి రిటైరైన ఒక మేష్టారి దగ్గర దొరికింది. లేత నీలం రంగు కారు. ముందు నుంచి చూస్తే మామూలు కారే, వెనక మాత్రం పల్లకీలా పొడుగ్గా సాగి, తలుపు పైకి లేచేది. మామిడి అంట్లు మోసుకునేవారట, లోపల పచ్చి ఆకు వాసన. గద పట్టింది, పెట్టెలు పట్టాయి. అప్పుడు అబ్బాజాన్ వెనక దుప్పటి పరిచి దాని మీద కిరీటం పెట్టి, పక్కన నన్ను కూర్చోబెట్టి, చెయ్యి వేయొద్దు, కళ్ళతో చూడమన్నారు. మేష్టారిని సూర్యలంక దారిలో ఎంత వేగంగా పోనిస్తే అంత వేగంగా పోనివ్వమన్నారు. ఆయన మొదట బిత్తరపోయినా తర్వాత సరదా పుట్టి, సముద్రం దాకా ఉరికించారు. నేను ఊపిరి బిగబట్టి అద్దాలనే చూస్తూ కూర్చున్నాను. ఒక్కటీ రాలలేదు. ఇసుకలో దిగి అబ్బాజాన్ కిరీటాన్ని చుట్టూ తిప్పి చూసుకుని, బేరం కూడా ఆడకుండా సరేననేశారు. మేష్టారే జాలిపడి కొంత తగ్గించారు.

ఆ సాయంత్రం మామయ్య కారును తెనాలి తోలుకొచ్చి మా గుమ్మం ముందు ఆపి, తాళాలు ఇస్తూ తాపీగా అడిగాడు: "అంతా బానే ఉంది బావా, ఇంతకీ దీన్ని తోలేదెవరు?"

గద కొలిచాం, కిరీటం ఎక్కించాం, లోపలంతా వాసన చూశాం గానీ తోలే మనిషి సంగతి ఒక్కరికీ తట్టలేదు. మిల్లు పని వదిలి మామయ్య రాలేడు. డ్రైవరును పెట్టుకునే తాహతు లేదు. అబ్బాజాన్‌వి సోడాబుడ్డి కళ్ళద్దాలు, నాకు అన్నదమ్ములు లేరు. ఆయన మెట్టు మీద కూలబడి కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. అమ్మీ పూసల పళ్ళెం పక్కన పెట్టి, "ఎదిగిన పిల్ల ఇంట్లో ఉంటే ఎవరు తోలతారంటారేంటి?" అంది. అప్పటికి నేను ఇంటర్ పాసై, అద్దాలు అంటించడం తప్ప మరో పని లేకుండా ఉన్నాను.

జంపని దగ్గర చెరకు బళ్ళు ఆగే ఖాళీ స్థలంలో మామయ్య ఆదివారాలు నేర్పాడు. ఆడపిల్ల కారు తోలడమేమిటని చుట్టాల్లో గుసగుసలు వచ్చాయి. అవి నా దాకా రాకుండా అమ్మీయే గడపలో ఆపేసింది. శివరాత్రి నాటికి లైసెన్సు చేతికొచ్చింది.

ఆ రోజు పెట్టెలకు సాంబ్రాణి పొగ వేసి, మధ్యాహ్నం బయల్దేరాం. రేపల్లెలో పెద్దలు పీతాంబరం ముక్కు దగ్గర పెట్టుకుని మరీ చూశారు. అబ్బాజాన్ ఒక కిరీటం తుడిచి ఇచ్చారు, మళ్ళీ ఎక్కాం. చెరుకుపల్లి దాటాక బళ్ళ చక్రాల కింద నలిగి గింజలు రాలతాయని రైతులు మినపకట్టెను రోడ్డంతా పరిచేశారు. చక్రం జారుతోంది, ఎదురుగా బస్సు వస్తోంది, పక్కన కాలవ. పళ్ళు బిగించి మెల్లగా ఆ కట్టె మీంచి దాటించి, చెమటలు కక్కుతూ పక్కకు చూద్దును గదా, అబ్బాజాన్ పూర్తిగా వెనక్కి తిరిగి సీటు మీద గడ్డం ఆనించుకుని, రెండో కిరీటాన్నే చూస్తున్నారు. బస్సునూ చూడలేదు, కాలవనూ చూడలేదు.

బాపట్ల చేరేసరికి పొద్దు ఇంకా కొబ్బరి చెట్ల మీదే ఉంది. ఆ ఏడాదికి మా షాపు నిలబడింది. తిరిగి వస్తూ ఉక్రోషం పట్టలేక అడిగాను, ఒక్కసారైనా రోడ్డు చూడలేదేమని. ఆయన తెల్లబోయి, "రోడ్డు నువ్వు చూస్తున్నావుగా బేటీ" అన్నారు. అంతకు మించిన మెప్పు నాకు తర్వాత ఎవరి దగ్గరా దొరకలేదు.

ఆ కారు చాలా ఏళ్ళు మా ఇంటికి అన్నం పెట్టింది. తర్వాత నాటకాలు పల్చబడ్డాయి, రాత్రంతా కూర్చుని పద్యాలు వినే ఓపిక జనానికి తగ్గింది. వెల్వెట్లు చీకిపోయాయి, అబ్బాజాన్ పోయారు, కారు ఎవరి చేతికి పోయిందో కూడా తెలియదు.

నిన్న మనవరాలు తను ఎంచుకున్న కారును తోలి చూడ్డానికి నన్నూ ఎక్కించుకుంది. చురుకైన బండే, రోడ్డు మీద పోతున్నట్టే లేదు. కొంతదూరం పోయాక ఆ పిల్ల నవ్వి, "నానీ, ముందుకు చూడు, ఎంతసేపలా వెనక్కి తిరిగి కూర్చుంటావు?" అంది. అప్పుడు గానీ నాకు తెలియలేదు. వెనక దుప్పటి లేదు, గద లేదు, మెరిసే అద్దం ముక్క ఒక్కటీ లేదు, ఖాళీ చోటు తప్ప. అయినా ఎక్కిన దగ్గర్నుంచి నేను అటే చూస్తూ కూర్చున్నాను. రోడ్డు ఆ పిల్ల చూస్తోంది కదా.