యాదవ్వ చెప్పిన రంగులు

హనుమండ్లు సిరిసిల్లలో మరమగ్గాల మెకానిక్. చిన్నప్పుడు తండ్రి మగ్గానికి ఎర్ర నూలు కండె పెట్టబోయి ఆకుపచ్చది పెట్టి చీర పాడుచేశాడు. ఆ రెండు రంగులూ అతని కళ్లకు ఒకేలా కనబడతాయని ఇంట్లో అప్పుడే తెలిసింది. తండ్రి తిట్టలేదు. చేతికి పానా ఇచ్చి మరమ్మతు పనిలో పెట్టాడు.

నలభై దాటాక హనుమండ్లుకు ఆకాశం పిచ్చి పట్టుకుంది. టెలిస్కోపుకు నలుపు తెలుపు కెమెరా బిగించి, డాబా మీది నుంచి నిహారికలను, అంటే చుక్కల నడుమ వెలిగే వాయు మేఘాలను, ఫొటోలు తీసేవాడు. వీధిలైట్లు అడ్డం రాకుండా మూడు ఫిల్టర్లు కొన్నాడు. ఒకటి హైడ్రోజన్ వెలుగునే రానిస్తుంది, ఇంకొకటి ఆక్సిజన్‌ది, మూడోది గంధకానిది. అలా తీసిన మూడు ఫొటోలకు మూడు రంగులిచ్చి కలిపితే ఒక బొమ్మ అవుతుంది. దేనికి ఏ రంగన్నది తీసినవాళ్ల ఇష్టం.

చిక్కంతా అక్కడే వచ్చింది. మొదటి బొమ్మను వాట్సాప్ గ్రూపులో పెడితే, "పాలకూర పప్పు లెక్కున్నదన్నా" అని ఎవరో రాశారు. హనుమండ్లు నెల రోజులు డాబా ఎక్కలేదు.

తల్లి యాదవ్వ ముప్పై ఏళ్లు నూలుకు రంగులద్దిన మనిషి. ఒక పొద్దున కంప్యూటర్ ముందుకు కుర్చీ లాక్కుంది.

"గిండ్ల అసలు రంగేదిరా?"

"అసలుదంటూ లేదే అవ్వా. గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చిన. శానమంది గట్లనే ఇస్తరు."

"ఆకుపచ్చ కడమ రెండిటిని మింగింది. జర తగ్గియ్యి. ఇంక తగ్గియ్యి. ఎరుపు పెంచు. ఆఁ, గిప్పుడు పసుపుకొమ్ము లెక్కయింది. నడుమ నీలాన్ని తేలనియ్యి."

ఆమె చెప్పినట్టే మౌస్ జరుపుతున్న హనుమండ్లు ఉన్నట్టుండి ఆగిపోయాడు. అంచుల బంగారు రంగు ఒక పక్కకు, నడిమి నీలం ఒక పక్కకు విడిపోయాయి. తను తీసిన బొమ్మలో రెండు రంగులు వేర్వేరుగా కనబడడం అతనికి అదే మొదలు.

"అవ్వా, నాకు కనవడుతున్నది," అన్నాడు మెల్లగా.

యాదవ్వ అతని చేతిని మౌస్ మీది నుంచి తీసేసింది. "గట్లనే ఉంచు. ముట్టకు," అంది.

ఆ బొమ్మ కరీంనగర్‌లో ఒక కాలేజీ సైన్స్ ప్రదర్శనకు వెళ్లింది. కింద "ఫొటో: హనుమండ్లు. రంగులు: యాదవ్వ" అని ఉంది. నా పేరెందుకని గునిసిన యాదవ్వే రెండు గంటలు దాని పక్కనుంచి కదల్లేదు. వచ్చినవాళ్లకల్లా గంధకం ఎటుందో, ఆక్సిజన్ ఎటుందో వేలుపెట్టి చూపించింది.

తిరుగు బస్సులో మాత్రం కొడుకును వదల్లేదు. "ప్రింటోడు నీలాన్ని ముదరవెట్టిండు. రేపు పోయి మల్ల ప్రింటు ఏపియ్యి."