యారాలి రెండో కన్ను

కళ్లలో చుక్కలు వేసి, రెప్పలు మూసుకుని కూర్చోమని చెప్పిపోయింది నర్సమ్మ. పోయి మళ్లీ వచ్చింది, రెప్ప పైకెత్తి టార్చ్ కొట్టి చూసింది, "కంటిపాప ఇంకా విచ్చుకోలేదు" అని ఇంకో చుక్క వేసింది. ఒకటే మంట. తుడుచుకోవద్దట. జగిత్యాలలోని ఈ కంటి దవాఖానకు నేను ఏటా ఒకసారి వస్తాను. నాకు షుగర్ ఉంది, చూపు మాత్రం శుభ్రంగా ఉంది. బాగున్న కళ్లను ఎవరైనా డాక్టరుకు చూపించుకుంటారా అని అడిగే చుట్టాలు నాకు బోలెడు మంది. వాళ్లకు జవాబు చెప్పే ఓపిక ఇప్పుడు లేదు. ఉన్న ఓపికంతా మా యారాలి దగ్గరే అయిపోయింది.

యారాలంటే తోడికోడలు, మా ఆయన అన్న పెళ్లాం. నేను అక్కా అంటాను, ఆమె నన్ను చెల్లె అంటుంది. కోరుట్లలో మావి పక్కపక్క వాకిళ్లు. మా బావ దుబాయిలో ఉండేవాడు, ఆమె అరుగు మీద బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన ఆకు, తంబాకు, దారపు ఉండ. ఆమె చేతుల వంక చూసుకోవడం నేనెప్పుడూ ఎరగను. వీధిలో పోయేవాళ్లను పలకరిస్తూ, నాతో మాట్లాడుతూ, టీవీలో ఎవరో ఏడుస్తుంటే తానూ కొంచెం ఏడుస్తూ చుట్టేది. వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి. షుగర్ వచ్చిందని తెలిశాక చాయ్‌లో చక్కెర మానేసింది. అంతే, ఆమె లెక్కలో రోగం కుదిరినట్టే. చాయ్ చప్పగా తాగి, ఆ కోపమంతా అన్నం మీద చూపించి రెండు ముద్దలు ఎక్కువే తినేది. సోమవారం ఒక్కపొద్దు కాబట్టి గోలీ కూడా వేసుకునేది కాదు. "గోలీ మింగితె ఒక్కపొద్దు ఇడిసినట్టు కాదా చెల్లె?" అనేది.

ఒక ఎండాకాలం, ఎడమ కంటికి మసక మసకగా ఉందని తనే మాటల మధ్య అన్నది. పద చూపిద్దాం అన్నాను. "మోతిబిందు అచ్చింది, ఇంకేంది? మా అమ్మకు గూడ గిట్లనే అచ్చింది. ముదరాలె. ముదిరినంక చలికాలంల తీపిస్త" అన్నది. వాళ్లమ్మది చందుర్తి దిక్కు పల్లె. ముసలామెకు శుక్లం వచ్చి నల్లగుడ్డు మీద తెల్లటి పొర కమ్మితే, చలికాలంలో ఆపరేషన్ చేశారు. ఆమె ఇంటికొచ్చి మళ్లీ బియ్యంలో రాళ్లు ఏరింది. ఆ ముచ్చట మా యారాలు ఎన్నిసార్లు చెప్పిందో! మామిడికాయను గడ్డిలో వేసి పండే దాకా చూసినట్టు తన కన్ను ముదిరే దాకా చూస్తూ కూర్చుంది. నేను గొంతు పెంచాను. సిరిసిల్లలో సాంచాల, అదే మరమగ్గాల, చప్పుడు మధ్య పెరిగినదాన్ని, పైగా బడిపంతులమ్మను, మెల్లగా మాట్లాడటం నాకు చేతకాదు. "నీ బళ్లె పిల్లగాండ్లను బెదిరియ్యిపో" అని చాట దులుపుకుంది. ఫోన్‌లో బావతో చెప్పించబోతే ఆయన, "చలికాలం నేనే ఇంటికత్త, అప్పుడు జూపిద్దాం తియ్" అన్నాడు.

అసలు సంగతి బయటపెట్టింది బీడీలే. బీడీలు చూసి తీసుకునే చోట, ఆమెవి పక్కకు పారేయడం మొదలుపెట్టారు. అంతవరకు ఎవరూ ఆమె బీడీకి వంక పెట్టింది లేదు. ఆ రోజు ఇంటికి అగ్గి మీద గుగ్గిలమై వచ్చింది. "సుట్టుడు మంచిగుందట, ఆకు మంచిగ లేదట! అన్నీ తొర్రలున్నయంటడు. ఆనికే కండ్లు గనవడ్తలెవ్వు" అని తిట్టింది. చాటలోంచి ఒక ఆకు తీసి చూశాను, జల్లెడలా ఉంది. బిగువు వేళ్లకు తెలుస్తుంది, పొడవు వేళ్లకు తెలుస్తుంది. ఆకు మీది మచ్చ, చిన్న తొర్ర కంటికే తెలియాలి.

"అక్కా, గీ ఆకుల తొర్ర ఏడుందో చెప్పు" అన్నాను. గింజను చూసే కోడిలా తల పక్కకు తిప్పి, కుడి కంటితో వెతికింది. కుడి కన్ను నా అరచేత్తో మూసి, రెండో చెయ్యి ఆమె ముఖం ముందు ఆడించాను. ఆమె కదలలేదు.

"ఎప్పటిసంది?" అన్నాను.

"మొదాలు నల్లదారాలు అడ్డమచ్చినయి. ఇంక కొన్నొద్దులకు పొగ తీర్గ అయింది. నొప్పి లేకపాయె చెల్లె. నొప్పి లేంది దవాఖానకు ఎవలన్న పోతరా?"

నాకు కోపం, భయం, ఏడుపు అన్నీ ఒక్కసారే వచ్చాయి.

మర్నాడే ఇదే దవాఖాన, ఇదే బెంచీ, ఇవే చుక్కలు. లోపల ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. మోతిబిందు కాదన్నది. షుగర్ అదుపులో లేక కంటి వెనక పొరలోని సన్నటి రక్తనాళాలు చెడిపోయాయని, రక్తం కారి లోపల నిండిందని, పొర కూడా ఊడిపోయిందని విడమరిచి చెప్పింది. ముదిరే దాకా ఆగే జబ్బు కాదిది, చూపు బాగున్నప్పుడే పట్టుకోవాల్సింది. ఎడమ కన్ను పోయినట్టే. కుడి కంట్లోనూ మొదలైంది. "మరి మందేస్తె మంచిగయితదా బిడ్డా?" అని అడిగింది మా యారాలు. "పోయింది రాదమ్మా. ఉన్నది పోకుంట చూద్దాం" అన్నది డాక్టరమ్మ.

ఆ వారమే వేములవాడ రాజన్న గుడికి పోదామని పట్టుబట్టింది మా యారాలు. మొక్కు చెల్లించడానికి వెండి కండ్లు కొంటూ దుకాణంలో బేరం, "ఒక్కటే ఇయ్యరాదు?" జతగానే అమ్ముతామన్నాడతను. గుడిలో హుండీ ముందు నిలబడి, వెనక జనం తోసుకుంటుంటే, పైకే మొక్కింది. "రాజన్నా, ఒకటి తీస్కున్నవు, తీస్కో. గీ రెండు నీకిస్తున్న. నాకున్న గా ఒక్కదాని జోలికి రాకు." నాకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి.

తరువాత తిరుగుడు మొదలైంది. ఒకసారి లేజర్, ఒకసారి కంట్లో సూది, మధ్యలో రక్తపరీక్షలు, బీపీ గోలీలు. కోరుట్ల నుంచి జగిత్యాల, జగిత్యాల నుంచి కోరుట్ల. అన్నం తగ్గించింది, సోమవారాలు కూడా గోలీ వేసుకుంది, నన్ను తిట్టుకుంటూనే. ఇంత చేసినా చూపు పెరగదు. జ్వరానికి మందు వేస్తే జ్వరం తగ్గుతుంది, దీనికి ఏమీ కాదు. ఏమీ కాకపోవడమే లాభం అని మనిషికి ఎట్లా నచ్చజెప్పాలి?

ఒకనాడు కోరుట్ల బస్టాండులో బెంచీ మీద కూలబడి, "నేను రాను" అన్నది. "ఎన్ని సూదులు పొడిపిచ్చుకున్నా గింతనే. ఉంటె ఉంటది, పోతె పోతది. నా పానం ఇసిగింది." జగిత్యాల బస్సు వచ్చి నిలబడింది. బతిమాలాలి, బెదిరించాలి. నాకూ చేతకాలేదు. బడికి సెలవులు పెట్టీ పెట్టీ, ఇంట్లో మాటలు పడీ పడీ నేనూ అలిసిపోయాను. ఆమె పక్కనే కూర్చున్నాను. బస్సు వెళ్లిపోయింది. చాలాసేపటికి ఆమె తల తిప్పి, కుడి కంటితో నన్ను తేరిపార చూసింది. కొంగుతో నా చెంప తుడిచింది. "పసుపంటుకుంది. గిట్లనే అచ్చినవా ఊరంత?" అన్నది. కాసేపు ఆ కొంగు మీది పసుపు మరకను చూసుకుంటూ కూర్చుంది. "గిది గూడ కనవడకుంటె ఎట్లనే?" అన్నది. ఇంకో బస్సు వచ్చింది. నాకంటే ముందు తనే ఎక్కింది.

చుక్కలు వేసిన నర్సమ్మ నా పేరు పిలిచింది. లోపల చూశారు. వెనక పొర బాగానే ఉందట. షుగరు, బీపీ అదుపులో పెట్టుకుని మళ్లీ ఏడాదికి రమ్మన్నారు. బయటికొస్తే ఎండ కళ్లలో గుచ్చుకుంది. బస్టాండు దాకా ఆటోలో కళ్లు మూసుకునే వచ్చాను. చుక్కల మసకకు బస్సులన్నీ ఎర్రటి మరకల్లా ఉన్నాయి, బోర్డు మీద ఒక్క అక్షరం తెలియడం లేదు. పొద్దున్నుంచి నా పక్కన కూర్చుని, డాక్టరమ్మ ముందు నాకంటే ఎక్కువ మాట్లాడి వచ్చిన మా యారాలు నా మోచెయ్యి పట్టుకుంది. తల కొంచెం పక్కకు తిప్పి, బీడీకి దారం చుట్టినంత శ్రద్ధగా ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది. "మె... ట్... ప... ల్లి. కోరుట్ల మీదికెళ్లే పోతది. ఎక్కు. కింద మెట్టు ఎత్తుగుంది, సూసి."

కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టి, తాను ఇవతల కూర్చుంది. నేను కళ్లు మూసుకున్నాను. కోరుట్ల బస్టాండులో ఆ రోజు ఒక బస్సు వదిలేసి రెండో బస్సు ఎక్కాం. ఇన్నేళ్లు గడిచినా, ఇంకా ఆ బస్సులోనే కూర్చుని ఉన్నామనిపిస్తుంది నాకు.