చప్పుడు మింగే గోడలు

లేవి ఏ హాల్లో అడుగుపెట్టినా ముందు గట్టిగా ఒకసారి చేతులు చరిచి, తల పక్కకు వాల్చి వింటాడు. చప్పుడు తిరిగి మోగితే మొహం చిట్లిస్తాడు. అక్కడికక్కడే అణగిపోతే మీసాల్లో నవ్వుకుంటాడు. కడపలో వాళ్ల నాన్న పెట్టిన ఆఫీసు సినిమాహాళ్లకు తప్ప మరి దేనికీ ప్లాన్లు గీయలేదు. మైదుకూరులో, నందికొట్కూరులో వాళ్లు గీసిన హాళ్లిప్పుడు గోడౌన్లూ పెళ్లి మండపాలూ అయ్యాయి. ఇక ఆఫీసు మూసేద్దామనుకుంటుండగా, సొంతూరు వేంపల్లె నుంచి సంఘపెద్దలు కొత్త చర్చి గీయమని వచ్చారు. లేవి ప్రాణం పెట్టి గీశాడు. సినిమాహాల్లో లాగే గోడల నిండా చప్పుడు తిరిగి మోగకుండా దూది కూరిన చిల్లుల పలకలు బిగించాడు.

ప్రతిష్ఠ రోజు పొద్దున్నే వచ్చి చేతులు చరిచి, తృప్తిగా నవ్వుకున్నాడు. ఆరాధనలో ఎప్పటిలాగే అతని మేనత్త విశ్వాసమ్మ పాట ఎత్తింది. జనం అందుకున్నారు గానీ, ఎవరి గొంతు వాళ్లకే వినబడి, బెరుకుపడి, రెండో చరణానికే సన్నగిల్లారు. అంతా అయ్యాక ఆమె లేవి భుజం మీద చెయ్యి వేసింది.

“పాత చర్చిలో పదిమందిమి పాడినా ఊరంతా పాడినట్లుండె నాయనా. ఈడ ఇంతమందిమి ఉండాము, నేనొక్కదాన్నే పాడినట్లుండాది.”

అందరూ వెళ్లాక లేవి మళ్లీ చేతులు చరిచాడు. చప్పుడు అక్కడే చచ్చిపోయింది. అది తిరిగొస్తుందేమోనని తల వాల్చి చాలాసేపు నిలబడ్డాడు.