చెరువు గట్టున రాహుకాలం

ఆ శుక్రవారం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా కఫీల్, అంటే మమ్మల్ని తెచ్చుకున్న యజమాని, కుటుంబంతో కారవాన్‌లో విహారానికి బయలుదేరాడు. బండి నడిపేది జగిత్యాల వైపు డ్రైవరు, నాకంటే చిన్నవాడు. జనరేటర్, ఏసీ చూసుకునేది నేను. ఎడారి మధ్య చెరువున్న ఓ చిన్న ఊళ్లో ఆగాం. తోటలకు పారగా మిగిలిన ఉప్పునీళ్లే ఆ చెరువు.

సౌదీవాళ్లకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ లెక్కలో మా కంపెనీ అప్పటికే ఎరుపులో పడింది. సౌదీలను సరిపడా పెట్టుకోనిది యజమాని. ఇఖామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, రెన్యూ కాక రోడ్డున పడేది మేము. మా తలకింతని సర్కారుకు లెవీ కట్టడానికి రాని చేతులు కారవాన్ కొనడానికి వచ్చాయి! రాబిగ్‌లోని ఒక కంపెనీ మా డ్రైవర్ని తీసుకుంటామని వాడి ఫోన్‌కు ట్రాన్స్‌ఫర్ రిక్వెస్ట్ పంపింది. ఒప్పుకున్నట్టు నొక్కితే చాలు. ఆ మధ్యాహ్నం రెండింటితో గడువు సరి. దాటితే ఎగ్జిటే, దేశం విడిచి ఇంటికే.

పదిన్నరకు "నొక్కరా" అన్నాను.

"రాహుకాలమే అన్నా. పన్నెండు దాటనీ. జుమ్మా నమాజు అయినంకనే గద మనం కదిలేది."

"మీ ఊళ్లో ఇప్పుడు ఒంటిగంట. అక్కడి రాహువు అన్నం తిని పడుకున్నాడు."

"ఇక్కడి పొద్దు ఇక్కడ పొడుస్తది గదనే! నీ నోటికో దండం."

నేను ఊరుకోలేదు. రాహువంటే గ్రహణమప్పటి నీడేనని వాదన ఎత్తుకున్నాను. వాడు మొండికేశాడు. పదకొండుకు కఫీల్ వచ్చి, దుమారం లేచేలా ఉంది, నమాజు దారిలో చేసుకుంటాం, "యల్లా, యల్లా" అన్నాడు.

"తొవ్వల నొక్కుతా తియ్" అంటూ వాడు ఫోన్ జేబులో వేసుకున్నాడు.

ఆ దారిలో టవర్ ఉండదని నాకు తెలుసు. ముందటేడు అటు వెళ్లాను. చెప్పాలని తట్టనే లేదు. నా బుర్ర నిండా రాహువు మీద వేయబోయే తర్వాతి ప్రశ్నే.

పన్నెండు దాటాక వాడు బండి నడుపుతూనే ఫోన్ తీశాడు. సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. మూడింటికి బండి ఆపిన చోట దొరికింది. గడువు ముగిసిందని తెర మీద ఉంది.

ఫోన్ జేబులో వేసుకుంటూ వాడన్నాడు: "రాహుకాలంల నొక్కితే ఇంకేం మోపయ్యేదో అన్నా. ఎగ్జిట్‌తోనే పోయింది."

ఇంకేం మిగిలిందిరా పోవడానికి! మాట నాలుక చివరిదాకా వచ్చింది. "దారిలో సిగ్నల్ ఉండదు" అన్న ఒక్క ముక్క మాత్రం పదకొండింటికి అక్కడిదాకా రాలేదు.

కారవాన్ లోపలినుంచి ఏసీ వేయమన్నారు. వెళ్లి జనరేటర్ తిప్పాను.