ఉప్పుల పిన్ని పరీక్ష

ఆ బడి కెమిస్ట్రీ ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా గాజు గొట్టాలు కడుగుతున్న అటెండరుకి పిల్లలు పెట్టిన పేరు ఉప్పుల పిన్ని. అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడేది కాదు. సీసా మూత తీయకుండానే, లోపలి పొడి నిగనిగ చూసి అదేమిటో చెప్పేసేది. యాసిడ్ చుక్కలు పడి ఆవిడ కోటు జేబులు జల్లెడైపోయాయి. పిల్లలకి తెలియనిది ఒకటుంది. పిన్ని చదువులో కెమిస్ట్రీ అన్నదే లేదు. చరిత్ర, భాషలు చదివి ఎలాగో గట్టెక్కిన మనిషి.

ల్యాబు అసిస్టెంటు రిటైరయ్యే ఏడు వచ్చింది. ఆ వెనకే ఇంకో కబురూ వచ్చింది. అటెండరు పోస్టులు రద్దు చేసి, ఊడ్చే పనీ కడిగే పనీ కాంట్రాక్టరుకి అప్పగిస్తారట. అసిస్టెంటు కుర్చీ పిన్నికి దక్కాలంటే కెమిస్ట్రీ అదనపు సబ్జెక్టుగా పాసవ్వాలి. అదీ ఈ ఏడే, వచ్చే ఏటికి వయసు హద్దు దాటిపోతుంది. పాసైతే కుర్చీ, తప్పితే వీధి. ఇంట్లో చూస్తే, దర్జీ పని చేసే మొగుడికి చేతులకి వణుకు జబ్బొచ్చి, కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఆరు నెలలైంది.

"ఈ వయసులో పుస్తకమేంటే, మతి గానీ పోయిందా?" అన్నాడాయన.

"పోతే పోయిందిలే. ఉద్యోగం పోకుండా ఉంటే చాలు," అంది పిన్ని.

రోజూ అన్నాల గంటలో స్టోరు గదిలో స్టూలు మీద కూర్చుని చదివేది. చేతికి తెలిసిన విద్య కాగితం మీదికి ఎక్కదే! నీలం పొడి నీళ్ళలో వేస్తే ఏమవుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు, దాన్నే సమీకరణంగా రాయమంటే చెమటలు పట్టేవి. అణువుల్ని లెక్కగట్టే మోల్ అన్నది అర్థం కావడానికి మూడు నెలలు పట్టింది. "అది మనిషో దయ్యమో తెలీడం లేదు సార్," అని కెమిస్ట్రీ మేష్టారితో మొరపెట్టుకుంటే, ఆయన నవ్వి మళ్ళీ మొదటి నుంచి చెప్పేవాడు.

చదువు ఒక ఎత్తు, పరీక్షకి కూర్చోనిచ్చే చోటు దొరకడం ఒక ఎత్తు. ప్రైవేటుగా రాసేవాళ్ళని ఏదో ఒక బడి తన లెక్కలో చేర్చుకోవాలి. నాలుగు బళ్ళ చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. "బయటివాళ్ళు తప్పితే మా పాసు శాతం పడిపోతుందమ్మా," అన్నారు ఒకచోట. "మనవల్ని కూడా తీసుకురా, కలిసి రాద్దురు గానీ," అన్నాడు ఇంకోచోట గుమాస్తా. వాడి నోట్లో దుమ్ము పడ! ఆవిడకి మనవలు కాదు కదా, పిల్లలే లేరు.

చివరికి సొంత బడి ప్రిన్సిపాలమ్మే దయతలిచింది, షరతుతో. "ప్రాక్టికల్స్ వారమంతా నువ్వు సెలవులో ఉండాలి. ల్యాబు తాళాలు ఇచ్చెయ్యాలి. ఒక్క సీసా ముట్టుకున్నావని తెలిసినా నేనే బోర్డుకి రాసి పంపిస్తాను," అంది.

ముప్పై ప్రయోగాలు చేసినట్టు రికార్డు పుస్తకం కూడా కావాలన్నారు. ఇరవై రెండేళ్ళు ఆ ల్యాబుని నెత్తిన మోసిన మనిషి ఒక్క ప్రయోగం చేసినట్టు ఎక్కడా కాగితం లేదు. సామాను కడిగినట్టు మాత్రం ఉంది! మేష్టారు ఊరికే సంతకం పెట్టనన్నాడు. ముప్పైకి ముప్పై చేయించి, బొమ్మలు వేయించి, అప్పుడు పెట్టాడు.

రాత పరీక్ష ఈదుకుంటూ ఒడ్డుకి చేరింది. ఇక మిగిలింది ప్రాక్టికల్. అందులో పెద్ద భాగం, ఇచ్చిన తెల్ల ఉప్పు ఏమిటో కనిపెట్టడం. పిన్నికి అదో లెక్కా? ఆ ఉదయం నవ్వుకుంటూనే వెళ్ళింది పాపం.

ఆవిడ సెలవు కదా, ఆవిడ పని జంతుశాస్త్రం ల్యాబు అటెండరుకి పడింది. ఆయన్ని పిల్లలు కప్పల బాబాయ్ అంటారు. పెద్ద సీసాల్లోంచి ఉప్పులు తీసి చిన్న సీసాల్లో పోసి, ఏ నంబరులో ఏముందో జాబితా రాసి, మేష్టారి సంతకంతో కవరులో పెట్టి బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారికి ఇవ్వడం ఆ పని. బల్లకి ఇద్దరు, బల్లకో సీసా, మధ్యలో అడ్డంగా ఒక అట్ట. పిన్ని బల్లకి రెండో వైపు రెండు జడల పిల్ల కూర్చుంది. నర్సింగులో చేరాలని ఆ పిల్ల ఆశ. "ఏం పిన్నీ, నువ్వూ మా క్లాసేనా?" అని కన్ను గీటింది కూడా.

పిన్ని పొడిని యాసిడ్‌తో తడిపి, తీగకి అంటించి బర్నరులో పెట్టింది. మంట ఆకుపచ్చగా లేచింది. బేరియం, ఇంకా సందేహమేముంది? రాయబోయి, సీసాలోని పలుకుల్ని మళ్ళీ చూసింది. కలం కింద పెట్టేసింది.

ఆ పలుకులు ఆవిడకి తెలుసు. రెండేళ్ళ కిందట బేరియం సీసా పగిలితే, ఖాళీగా ఉన్న స్ట్రాన్షియం సీసాలోకి ఎత్తిపోసింది. చీటీ మార్చాలనుకుంది. రేపు, ఎల్లుండి అంటూ వదిలేసింది. తీసేదీ రాసేదీ తనే అయినప్పుడు చీటీతో పనేముంది? కానీ కప్పల బాబాయ్‌కి చీటీ తప్ప ఇంకేం తెలుసు! ఆయన చీటీ చూసే జాబితా రాసి ఉంటాడు. అంటే కవరులోని జాబితాలో ఉన్నది స్ట్రాన్షియం, ఎర్ర మంట వచ్చే ఉప్పు.

నిజం రాస్తే తప్పు. లేచి చెబితే పరీక్ష ఆగిపోతుంది, రెండేళ్ళుగా తప్పు చీటీతో ల్యాబు నడిపింది ఎవరని అడుగుతారు. అటెండరుగానే పనికిరాని దానికి అసిస్టెంటు కుర్చీ ఎవడిస్తాడు? మిషను మీద కప్పిన గుడ్డ కళ్ళ ముందు ఆడింది. పిన్ని కలం తీసి, మంట రంగు ఎరుపు అని రాసింది. చేయని పరీక్షలన్నీ చేసినట్టు, కనపడనివన్నీ కనపడినట్టు వరసగా రాసింది. ముప్పై ప్రయోగాలూ ఒళ్ళు దాచుకోకుండా చేసిన మనిషి!

పరీక్షాధికారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఆ పిల్లని పిలిచాడు.

"ఎర్రగా మండేదాన్ని ఆకుపచ్చ అని రాశావేంటమ్మా?"

"ఆకుపచ్చగానే వచ్చింది సార్."

"అదే సీసా కదా, ఆవిడ చూడు ఎంత చక్కగా రాసిందో! ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియకపోతే ఎలా? కళ్ళు చూపించుకో."

ఆ పిల్ల పిన్ని వైపు తిరిగి చూసింది. పిన్ని కడిగిన గొట్టాన్నే మళ్ళీ కడుగుతూ నిలబడింది. మళ్ళీ పరీక్షించమని అడిగే ధైర్యం ఆ పిల్లకి లేకపోయింది.

పిన్ని పాసైంది. కుర్చీ దక్కింది. చేరిన రోజు మొట్టమొదట చేసిన పని ఆ చీటీ చింపి కొత్తది అంటించడం. మొగుడు సంబరపడి వీధిలో కనపడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఆవిడ మాత్రం ఆ ఏడాది పొడుగునా ఎవరైనా మెచ్చుకుంటే కసురుకునేది. సిగ్గుతో చచ్చిపోతున్న మనిషికి పొగడ్త ఎక్కడ ఒంటబడుతుంది?

రెండు జడల పిల్ల ప్రాక్టికల్‌లో తప్పింది. నర్సింగు సీటు పోయింది. కళ్ళ డాక్టరు కళ్ళు బంగారంలా ఉన్నాయన్నా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. మరుసటి ఏడు ఫీజు కట్టుకుని, పరీక్షకి ముందు సాధన చేసుకోవడానికి ల్యాబుకి వచ్చింది. పిన్నే దగ్గరుండి బర్నరు వెలిగించింది. పిల్ల తీగని మంటలో పెట్టి, చాలాసేపు చూసి, కలం పట్టుకుని ఆగిపోయింది.

"పిన్నీ, ఇదే రంగు?"

"నీకేం కనపడితే అది రాయమ్మా," అంది పిన్ని.

"పోయినసారి అలాగే రాశాను పిన్నీ," అంది ఆ పిల్ల. "ఈసారి నువ్వు చెప్పింది రాస్తాను."