సుభద్ర డాక్టరమ్మ నిలబెట్టిన ముందు పన్ను

పోయిన నెల మా చెల్లెలి కూతురు, తన పెళ్ళికి గోళ్ళు పెట్టించుకోవాలంటూ నన్ను జూబ్లీ హిల్స్‌లో ఒక పార్లర్‌కు తీసుకెళ్ళింది. ఉన్న గోళ్ళ మీద మళ్ళీ గోళ్ళేమిటో నాకు అర్థం కాలేదు కానీ, పది వేళ్ళూ ఒకేసారి చేయిస్తున్నాం కాబట్టి రేటు తగ్గించాల్సిందేనని అక్కడి పిల్లతో బేరం మొదలుపెట్టాను. ఆ పిల్ల నవ్వి, చిన్న గాజు గిన్నెలో ఏదో ద్రవం పోసి, బ్రష్ ముంచి తెల్లటి పొడిలో అద్దింది. ఘాటైన వాసన గుప్పుమంది. బేరం నా నోట్లోనే ఆగిపోయింది. నాలుక తనంతట తానే లేచి, పై వరుసలో ముందు పన్ను వెనక్కి వెళ్ళి ఆనింది. ఆ వాసన నాకు తెలుసు. ఎప్పుడో తొంభైల మొదట్లో, ఫిలింనగర్‌లో డాక్టర్ సుభద్రగారు నా విరిగిన పన్నుకు తాత్కాలికపు తొడుగు కోసం ఇలాంటి పొడీ ద్రవమూ కలుపుతున్నప్పుడు గదంతా నిండిన వాసన అది.

మాది బేగంబజార్లో స్టీలు సామాన్ల దుకాణం. మా ఇంట్లో పిల్లలకు అక్షరాభ్యాసం కంటే ముందు బేరం వస్తుంది. బడికెళ్ళే వయసులో ఒకసారి అటక మీది బిందె జారి నా మూతి మీద పడింది. నాయన ముందు బిందెకు సొట్ట పడిందేమో చూసి, ఆ తరవాతే నన్ను చూశాడని అమ్మ బతికున్నన్నాళ్ళూ దెప్పుతూనే ఉండేది. పన్ను ఊడలేదు. మెల్లగా బూడిద రంగుకు తిరిగింది. పెద్దయ్యాక దాని కింద చీము పడితే రూట్ కెనాల్ చేయించుకున్నాను. నొప్పి పోయింది కాబట్టి ఆ వ్యవహారం ముగిసిందనుకున్నాను. పైన తొడుగు వేయించుకోమని అప్పుడే చెప్పారు. నొప్పి లేనిదానికి మళ్ళీ ఖర్చేమిటని ఊరుకున్నాను.

సినిమా పనులు మద్రాసు నుంచి ఒక్కొక్కటిగా మా ఊరికి తరలివస్తున్న కాలమది. నేను డబ్బింగ్‌లో చేరాను. గుంపులో అరుపులు, హీరోయిన్ స్నేహితురాలి ఇకఇకలు, నర్సు చెప్పే ఒక్క ముక్క, ఇవే నా వాటా. ఇంట్లో "ఏందే, గిట్ల చేస్తివి" అనే నోరు, మైకు ముందుకు రాగానే కృష్ణా జిల్లాలో పుట్టినట్టు మాట్లాడేది. అలా కొన్నాళ్ళు గడిచాక, తెలుగు రాని ఒక బొంబాయి అమ్మాయికి సినిమా మొత్తం గొంతు ఇచ్చే అవకాశం తగిలింది. ఆ వారమే యూసుఫ్‌గూడలో బస్సు కోసం నిలబడి కాల్చిన మొక్కజొన్న పొత్తు కొరికాను. టక్కుమంది. ముందు పన్ను సగానికి విరిగి పొత్తులో ఉండిపోయింది.

మా ఇంటి దగ్గరి పళ్ళ డాక్టరు మంచి బేరం చెప్పాడు. మిగిలిన ముక్క పీకేసి, పక్క పళ్ళు రెండింటినీ కలుపుకొని మూడు పళ్ళ వంతెన కడతాడట. రెండు సార్లు వెళ్తే చాలు. ఒకదానికి పెట్టే ఖర్చు మీద ఇంకాస్త వేస్తే మూడు కొత్త పళ్ళు! నాకు అప్పుడే కొట్టేసినంత సంబరమైంది. డబ్బింగ్ వ్యవహారాలు చూసే రావుగారు మాత్రం, "పీకించుకునే ముందు ఒక్కసారి సుభద్రగారికి చూపించు తల్లీ. పోయిన పన్ను మళ్ళీ రాదు," అన్నారు.

ఫిలింనగర్‌లో రాళ్ళగుట్ట ఎక్కుతుంటే పక్కన ఆవిడ ఇల్లు. ముందు గదిలోనే వైద్యం. బయట గోడ నీడన కార్ల డ్రైవర్లు కబుర్లాడుకుంటూ ఉండేవాళ్ళు. సుభద్రగారిది తెనాలి. నేత చీర మీద తెల్లకోటు, గది దాటి వినిపించే గొంతు. నేను మా స్టీలు కొట్టు సంగతీ, నా మూడు పళ్ళ పథకమూ ఏకరువు పెడుతుంటే, ఆవిడ చిన్న అద్దం నోట్లో పెట్టి చాలాసేపు చూశారు.

"పక్కనున్న ఈ రెండూ ఏం తప్పు చేశాయమ్మాయ్?"

"ఏం చెయ్యలే డాక్టరమ్మా. గానీ మూడు కలిపి చేస్తె రేటు కలిసొస్తది గద. అన్నీ కొత్తగ మెరుస్తయ్."

"వంతెన కట్టాలంటే వాటిని అరగదీయాలి. నిక్షేపంలాంటి పళ్ళు అరగదీసి తొడుగులు వేయించుకోవడం లాభమెలా అవుతుందో, మీ కొట్లో లెక్క కాస్త నాకూ నేర్పు."

మా కొట్లో ఆ లెక్క లేదు.

అప్పుడు ఆవిడ ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టి చూపించారు. "రూట్ కెనాల్ చేసినవాళ్ళు నీ నొప్పి తీశారు. బలం ఇవ్వడం మిగిలిపోయింది. వేరు గట్టిగానే ఉంది. అందులోకి సన్నటి లోహపు కాడ దింపి, దాని మీద చిన్న దిమ్మ కట్టి, పైన తొడుగు వేస్తాను. అయితే బలం కాడ వల్ల వస్తుందనుకునేవు. కాడ పట్టుకోసం. చిగుళ్ళ బయట ఇంకా కాస్త నీ పన్ను మిగిలింది చూశావూ? తొడుగు దాని చుట్టూ బిగిసి కూర్చోవాలి. మిగిలినదాన్ని బట్టే బలం."

"ఎన్నిసార్లు రావాలె?"

"నాలుగైదు సార్లు."

"రెండుసార్లల్ల అయ్యేటట్టు చూడుండ్రి డాక్టరమ్మా, దూరంకెళ్ళి వస్తున్న."

"బేరం నాతో కాదు, నీ పన్నుతో ఆడుకో. అదెంతకు ఒప్పుకుంటే అంత."

నేను పుట్టి బుద్ధెరిగాక ఆఖరి మాట అవతలివాళ్ళది కావడం అదే మొదలు.

ఆవిడ పని చేస్తుంటే నాకు నాయన త్రాసు గుర్తొచ్చేది. మిగిలిన పన్నులో ఆవగింజంత పోయినా ఆవిడకు ప్రాణం పోయినట్టే. కాడ కుదిరాక, తాత్కాలికపు తొడుగు వేసే రోజున నేను సినిమా పత్రికలోంచి కత్తిరించిన ఒక హీరోయిన్ బొమ్మ తీసి చేతిలో పెట్టాను. ఇంత తెల్లగా, ఇంత పొడుగ్గా కావాలన్నాను. సినిమావాళ్ళ మధ్య తిరిగేవాళ్ళం మేమంతా చేసే పొరపాటే అది. గొంతు అమ్ముకునే మనిషిని, బొమ్మ చూసి పన్ను ఎంచుకున్నాను. ఆవిడ వాదించలేదు. అడిగినట్టే చేసి పెట్టి, "దీంతో నాలుగు రోజులు మాట్లాడి రా. అసలుది ఆ తరవాతే," అన్నారు.

నాలుగు రోజులు అక్కర్లేకపోయింది. మర్నాడు మైకు ముందు, "సరే, సాయంత్రం వస్తాను" అన్నానో లేదో, అద్దం అవతలి నుంచి రికార్డిస్టు చెయ్యెత్తాడు.

"చెల్లే, గా సీటి ఏంది? హీరోయిన్ మాట్లాడుతున్నదా, ప్రెషర్ కుక్కరా?"

మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఈల. రావుగారు నన్ను పక్కకు పిలిచి, "సోమవారం దాకా ఆగుతానమ్మా. ఆ పైన మద్రాసు నుంచి ఇంకో గొంతు రప్పించాల్సిందే. నిర్మాత నా పీకల మీద కూర్చున్నాడు," అన్నారు. ఆయన మాటలో కోపం లేదు. అందుకే మరీ భయమేసింది. ఇక్కడ జారితే, నేను మళ్ళీ గుంపులో అరుపుల దగ్గరికే.

పరుగున గుట్టెక్కాను. ఈసారి సుభద్రగారు అద్దం తీయలేదు. ఎదురుగా స్టూలు వేసుకుని, కళ్ళు మూసుకుని, "చెప్పు నీ డైలాగులు," అన్నారు. నేను చెప్పడం, ఆవిడ ఆపడం, తొడుగు అంచు రవంత అరగదీయడం, మళ్ళీ చెప్పించడం. కాసేపటికి ఈల పోయింది. అయినా ఆవిడ ముఖంలో తృప్తి లేదు.

"పన్ను కుదిరింది. నీ పై పెదవే కలిసి రావడం లేదు. దాన్నెందుకమ్మా అలా కట్టేశావు?"

అద్దంలో చూసుకున్నాను. నిజమే. పన్ను రంగు మారిన నాటి నుంచి దాన్ని దాచడానికి పెదవిని కిందికి లాక్కుని మాట్లాడుతున్నాను. నవ్వొస్తే చెయ్యి అడ్డం. అది అలవాటని కూడా నాకు తెలియదు.

"ఏదీ, నవ్వు."

నవ్వాను.

"ఇది నవ్వా? రాయితీ అడిగినవాడికి సరుకు లేదన్నట్టుంది."

"డాక్టరమ్మా," అన్నాను దిగులుగా, "పెదవికి వేరే ఫీజు ఉంటదా?"

ఆవిడ ఫక్కున నవ్వారు. బయట డ్రైవర్ల కబుర్లు ఆగిపోయేంత పెద్ద నవ్వు. ఆ నవ్వు నాకూ అంటుకుంది. కడుపు పట్టుకుని, చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి నవ్వాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, వేలు నా ముఖం వైపు చూపించి, "అదీ! దాన్ని పట్టుకెళ్ళు స్టూడియోకి," అన్నారు.

సోమవారం పట్టుకెళ్ళాను. వర్షంలో హీరోయిన్ విరగబడి నవ్వే సన్నివేశం ముందుగా డబ్బింగ్‌కు పెట్టారు. నవ్వు అయిపోయాక రికార్డిస్టు ఏమీ అనలేదు, తరవాతి రీలు పెట్టాడు. అక్కడ అంతకు మించిన మెప్పు లేదు.

అసలు తొడుగు రంగు పగటి వెలుతురులో, పక్క పన్నును చూసి ఎంచారు. కొంచెం పసుపు, అంచున చిన్న వంకర. ఖర్చు పెట్టి కొన్న వస్తువు కొన్నట్టు కనబడకపోవడం మా వంశంలో అదే మొదలు. సినిమా విడుదలయ్యాక ఆవిడను థియేటర్‌కు తీసుకెళ్ళాను. నా నవ్వు వచ్చే చోట మోచేత్తో పొడిచాను. ఆవిడ తెర మీది ముఖాన్నే చూస్తూ, "ఆ పిల్ల కింది వరుస గజిబిజిగా ఉంది. ఎవరైనా చెప్తే బావుణ్ణు," అన్నారు.

సుభద్రగారు ఇప్పుడు లేరు. ఇప్పుడు సినిమాలకు గొంతులు ఎంచి పెట్టే పని నాది. ఈమధ్య మా సీనియర్ ఆర్టిస్టు ఒకాయనకు గొంతు ఆపరేషన్ అయింది. పై స్థాయి పోయింది, అరిస్తే గాలి తప్ప రావడం లేదు. ఆయన్ను తీసేసి కుర్రాణ్ణి పెడదామన్నాడు నిర్మాత. ఆయన్ను కూర్చోబెట్టి, అరుపులన్నీ పక్కనపెట్టి, మెల్లగా చెప్పే మాటలు చెప్పించాను. కింది స్థాయి చెక్కుచెదరలేదు. ఆ మిగిలినదాని చుట్టూ ఆయన పాత్ర కట్టవచ్చని చెప్తే, నిర్మాత ఒక్క పూట ఇస్తానన్నాడు. నేను వారం అడిగాను. చాలాసేపు గుంజుకున్నాం. చివరికి వారం తెచ్చాను. తగ్గించమని కాక పెంచమని నేనాడిన బేరం అదొక్కటే.