ప్రతి పాఠం మీదా మా కొట్టు పేరే

పదో తరగతి మొత్తాన్ని సగం ధరకి కొన్నవాణ్ణి మా బజారులో నేనొక్కణ్ణే. స్మార్ట్‌ఫోన్లు ఇంటింటికీ చేరుతున్న రోజులు. భోగాపురంలో మా కిరాణా కొట్టు పక్కనే సెల్‌ఫోన్ల కొట్టు తెరిచి, వీడియో పాఠాలు మెమరీ కార్డుల్లో ఎక్కించి అమ్ముదామని, అవి తయారుచేసే ఆయన దగ్గరికి విజయనగరం వెళ్లాను.

"మెటాడేటాతో అయితే ఈ రేటు బావా," అన్నాడు.

"అదేటి?"

"ఏ పాటం ఏ సబ్జెక్టుదో, అందులో ఏటి సెప్పారో రాసి పెడతాం. లెక్కలొక పక్క, సైన్సొక పక్క ఫోనే ఇడదీసి సూపిస్తాది."

చీటీలకి కూడా డబ్బులడిగే మనిషిని అప్పుడే చూశాను. మా కొట్లో ఏ డబ్బా మీదా పేరుండదు. ఇంగువ అడిగితే మా నాన్న చెయ్యి దానంతటదే ఇంగువ మీదికి పోతుంది.

"పాటాలియ్యి సాలు. సీటీలు నేనే రాసుకుంతాను," అని బేరం సగానికి తెంపేశాను.

రాసుకున్నాను కూడా. వ్యాపారి బుర్ర కదా, సరుకు ఎవరిదో ముందు తెలియాలి. ప్రతి పాఠానికీ మొదట మా తాతగారి పేరు, అండ్ సన్స్, ఊరు. పాఠం పేరు ఆ తర్వాతే. కంప్యూటర్లో చూస్తే పెళ్లిపత్రికలా ఉంది. కార్డులు బాగానే అమ్ముడుపోయాయి.

పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాక, చేపల వేటకెళ్లేవాళ్ల అమ్మాయి ఒకతె ఫోను పట్టుకొచ్చింది.

"మావయ్యా, త్రిభుజాలెక్కడున్నాయి?"

"అందులోనే ఉన్నాయమ్మా."

"అయితే సూపించు."

చూశాను. ఆ చిన్న తెర మీద పేరులో మొదటి ముక్కే కనబడుతోంది. పైనుంచి కిందిదాకా మా తాతగారే.

"మీ తాతని నొక్కితే ఓపాలి మొక్కలొస్తన్నాయి, ఓపాలి కరెంటొస్తన్నాది. మా నాన్న ఏటకెల్తే ఫోను అట్టుకుపోతాడు. సాయంత్రం కూసేపే నాకిస్తాడు. ఆ కూసేపూ మీ తాతతోనే సరిపోతన్నాది. లెక్కల పరీచ్చ ఎదరే ఉన్నాది!"

విజయనగరానికి ఫోన్ చేశాను. "తగ్గించిన సగమూ ఇచ్చెయ్ బావా, సేసి పెడతాను," అన్నాడాయన. జీవితంలో మొదటిసారి బేరమాడలేదు. ఇల్లిల్లూ తిరిగి కార్డులు మార్చాను. ఆ అమ్మాయికి కొత్త కార్డు ఇచ్చేసరికి తెల్లారితే లెక్కల పరీక్ష.

లెక్క తేల్చేస్తాను. మిగుల్చుకున్న సగం ఆయనకే పోయింది. తిరుగుడికి పెట్రోలు నాది. ఆ అమ్మాయి లెక్కల్లో పాసైంది కానీ, త్రిభుజాల ప్రశ్న రాయకుండా వదిలేసింది. ఆ మార్కులు కూడా నా నష్టం కిందే వేసుకున్నాను.